బైపీసీ తర్వాత బయోకెమిస్ట్రీయా, మరొకటా: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఎంపిక సలహా

బీఎస్సీ బయోకెమిస్ట్రీలో చేరేవారు ఐదేళ్లు చదవడానికి సిద్ధపడి చేరాలి: మూడేళ్ల డిగ్రీ, ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ. డిగ్రీ కాగానే ఇంటికి దగ్గరలో ఉద్యోగం చూసుకోవాల్సిన వారికి అదే బైపీసీతో వచ్చే కెమిస్ట్రీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, బీఫార్మసీ ఎక్కువ అక్కరకొస్తాయి. ఇంట్లో ఈ మాట ముందుగా తేల్చుకోండి. చాలామంది రెండో ఏడాది చివర్లో తెలుసుకుని బాధపడే విషయం ఇదే.

ఎమ్మెస్సీ చదవగలిగే వారికి, రసాయనశాస్త్రం అంటే ఇష్టమున్న వారికి మాత్రం దీనికి సాటి వచ్చే డిగ్రీలు తక్కువ. ఎందుకో చెప్పడానికి ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన పరీక్ష ఒకటి చాలు.

ఉద్దానం రక్తపరీక్ష: ఏ చదువు ఏం చూస్తుంది

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఏ ఊళ్లో అడిగినా సీరం క్రియాటినిన్ అంటే ఏమిటో చెబుతారు: కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూపే పరీక్ష. కిడ్నీ జబ్బు ఆ మాటను ప్రతి గడపకూ తెచ్చింది. ఆ ఒక్క పరీక్ష చుట్టూ చూస్తే ఈ చదువుల మధ్య తేడా తేటతెల్లమవుతుంది.

ల్యాబ్ టెక్నాలజీ చదివినవారు రక్తం తీసి, సీరం వేరుచేసి, కంట్రోల్ (విలువ ముందే తెలిసిన నమూనా) నడిపి, సంఖ్య సరిగ్గా వచ్చేలా చూసి రిపోర్టు ఇస్తారు. అది బాధ్యతగల పని. దానికి ప్రత్యేకమైన శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉన్నాయి.

ఆ సంఖ్య ఎలా పుట్టిందో అడిగేది బయోకెమిస్ట్రీ. కండరాల్లోని క్రియేటిన్‌లో రోజుకు దాదాపు 1 నుంచి 2 శాతం, ఏ ఎంజైము సాయమూ లేకుండా క్రియాటినిన్‌గా మారుతుంది. కాబట్టి కండ ఎక్కువుంటే క్రియాటినిన్ కూడా ఎక్కువే పుడుతుంది. కొబ్బరిచెట్లెక్కే ముప్పై ఏళ్ల మనిషికీ బక్కచిక్కిన డెబ్బై ఏళ్ల ముసలమ్మకీ ఒకేలా డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు వస్తే ఇద్దరి కిడ్నీలూ ఒకేలా ఉన్నట్టు కాదు. ముసలమ్మ కిడ్నీ అప్పటికే చాలావరకు దెబ్బతిని ఉండొచ్చు. వయసును, స్త్రీపురుష భేదాన్ని లెక్కలోకి తీసుకుని కిడ్నీల వడపోత రేటు కట్టడం ఇందుకే.

కొలిచే పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. చాలాచోట్ల వాడే జాఫే పద్ధతిలో క్షార పిక్రేట్‌తో క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగునిస్తుంది. కానీ గ్లూకోజు, కీటోన్లు, ప్రొటీన్లు కూడా కొంత రంగునిస్తాయి. దాంతో షుగరు అదుపు తప్పినవారిలో సంఖ్య ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కామెర్లున్న వారిలో బిలిరుబిన్ వల్ల తక్కువ కనిపించవచ్చు. ఎంజైము పద్ధతిలో ఈ గోల తక్కువ, ఖర్చు ఎక్కువ. 1.2కూ 1.5కూ మధ్య తేడాతో ఒక మనిషికి వైద్యం మొదలయ్యేచోట ఈ వివరాలు తెలిసినవారు కావాలి. ఇది చదువుతుంటే మీకు ఉత్సాహం పుడితే బయోకెమిస్ట్రీ మీ సబ్జెక్టే.

ఇదే సమస్యను కెమిస్ట్రీ వారు తాగునీటి వైపు నుంచి చూస్తారు: అందులో ఫ్లోరైడెంత, సిలికా ఎంత, లోహాలెన్ని. బయోటెక్నాలజీ వారు జన్యువుల్లో తేడాలు వెతుకుతారు. మైక్రోబయాలజీకి ఇక్కడ పెద్దగా పని ఉండదు, దానికి పని తీరంలోని రొయ్య హేచరీల్లో ఉంది.

పక్కపక్కనే పెట్టి చూస్తే

కెమిస్ట్రీ. పైడిభీమవరం, పరవాడ మందుల కంపెనీల్లో డిగ్రీతోనే ప్రవేశం దొరికే దారి ఇది. ప్రొడక్షన్‌లోనూ క్వాలిటీ కంట్రోల్‌లోనూ బీఎస్సీ కెమిస్ట్రీ వారిని తీసుకుంటారు. షిఫ్టుల పని, మొదటి రెండేళ్లు జీతం తక్కువ, ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడపడం చేతికొస్తే విలువ పెరుగుతుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ సబ్జెక్టు ఉంది కాబట్టి ఎమ్మెస్సీ తర్వాత జూనియర్ లెక్చరర్ పోస్టులకు దారి ఉంటుంది. బయోకెమిస్ట్రీకి ఇంటర్‌లో సబ్జెక్టే లేదు. బోధనరంగంలోకి వెళ్లాలనుకునే వారు ఈ తేడాను గట్టిగా పట్టించుకోవాలి. స్కూల్లో జీవశాస్త్రం చెప్పాలనుకుంటే బోటనీ, జువాలజీ వైపు వెళ్లడమే నిశ్చింత. డీఎస్సీ ప్రకటనలో అర్హత సబ్జెక్టుల వరుసను చేరకముందే చదవండి, చదువు అయ్యాక కాదు.

మైక్రోబయాలజీ. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్య హేచరీలు ఉన్నాయి. ట్యాంకు నీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఎంత ఉందో, దాన్ని పెంచే టీసీబీఎస్ అగార్ ప్లేట్ల మీద లెక్కపెట్టడం అక్కడ రోజువారీ పని. మందుల కంపెనీల్లో స్టెరిలిటీ పరీక్షలకూ, నీటి పరీక్ష ల్యాబులకూ, డెయిరీలకూ వీరే కావాలి. డిగ్రీ స్థాయిలో బయోకెమిస్ట్రీ కన్నా స్థానికంగా అవకాశాలు కాస్త ఎక్కువే. చేతిశుభ్రత, ఓపిక కావాలి. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపడం) చేయాల్సిన మీడియాను పది నిమిషాలకే దించితే మర్నాడు ప్లేట్లన్నీ వృథా.

బయోటెక్నాలజీ. పేరుకు ఆకర్షణ ఎక్కువ. పీజీకి వెళ్లే దారులు బయోకెమిస్ట్రీవే, దాదాపు తేడా లేదు. ఇబ్బంది పరికరాల దగ్గరే వస్తుంది. డీఎన్ఏ ప్రతులు తీసే పీసీఆర్‌కు వాడే ఎంజైములు మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. కరెంటు పోయి ఫ్రీజర్ రెండు మూడుసార్లు కరిగితే అవి పనికిరాకుండా పోతాయి. టిష్యూ కల్చర్‌కు లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే బల్ల), ఏసీ గది కావాలి. ఇవి లేని కాలేజీలో బయోటెక్నాలజీ అంటే మూడేళ్లు బొమ్మలు గీయడమే. బయోకెమిస్ట్రీ ప్రయోగాల్లో ముప్పాతిక భాగం టెస్ట్ ట్యూబులు, వాటర్ బాత్, రంగు గాఢత కొలిచే కలరీమీటరుతో అయిపోతాయి. చిన్న కాలేజీ కూడా దాన్ని నిజాయతీగా నేర్పగలదు. మన జిల్లాల్లో ఈ రెండింటి మధ్య ఊగిసలాడే వారికి బయోకెమిస్ట్రీయే మంచిదనడానికి నా దృష్టిలో ఇంతకన్నా బలమైన కారణం లేదు.

బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ). ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగమే లక్ష్యమైతే నేరుగా ఇందులో చేరండి. "బయోకెమిస్ట్రీ చదివితే ల్యాబు టెక్నీషియన్ అవ్వొచ్చు కదా" అని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు డీఎంఎల్‌టీ (ఇదే చదువులో డిప్లొమా) లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ, దాంతోపాటు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఒక్కటే చూపిస్తే చెల్లదు. దీని ప్రవేశాలు మామూలు డిగ్రీ ప్రవేశాలతో కాకుండా ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటన ద్వారా వేరుగా జరుగుతాయి. ఆ ప్రకటన కోసం విడిగా కాసుకుని ఉండాలి.

బీఫార్మసీ. నాలుగేళ్లు, ఈఏపీసెట్ ర్యాంకు మీద సీటు. ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్, మందుల దుకాణం, కంపెనీ ఉద్యోగం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష అన్నీ దీనికుంటాయి. ఖర్చు భరించగలిగి, పరిశోధన మీద ప్రత్యేకమైన మోజు లేకపోతే నిలకడైన చదువు.

నీట్ మళ్లీ రాయడానికో, నైరా వ్యవసాయ కళాశాలలాంటి చోట సీటు వస్తుందేమోననో ఒక ఏడాది "ఏదో ఒక డిగ్రీలో" చేరే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అలా చేరేవారు బయోకెమిస్ట్రీ తీసుకోకపోవడమే మంచిది. మొదటి ఏడాది అమైనో ఆమ్లాల నిర్మాణాలు, పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ల లెక్కలు వదిలేసినవారికి రెండో ఏడాది ఎంజైములు, జీవక్రియలు అర్థం కావు. బోటనీ, జువాలజీలో ఒక యూనిట్ వదిలేసినా తర్వాతిది చదువుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు.

చేరేముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

బైపీసీ వారికి బయోకెమిస్ట్రీలో అడ్డుపడేది జీవశాస్త్రం కాదు, లెక్కలు. ఇంటర్‌తో లెక్కలు వదిలించుకున్నామనుకుని వచ్చినవారికి లాగరిథమ్ ఎదురవుతుంది. ఈ మూడు లెక్కలు చేసి చూడండి.

0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడు ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలి. ఎన్ని గ్రాములు తూయాలి? అణుభారం 40. సమాధానం 1 గ్రాము.

10 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరులో ఉన్న ప్రొటీన్ ద్రావణం ఉంది. దాన్ని మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములకు పలుచన చేయాలి. 50 రెట్లు, అంటే 1 మిల్లీలీటరు తీసుకుని 50కి నింపాలి. 50 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే తప్పు, 49 మాత్రమే పట్టాలి.

అసిటిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్లం బలాన్ని చెప్పే అంకె) 4.76. బఫర్‌లో అసిటేట్, ఆమ్లం కన్నా పది రెట్లుంటే పీహెచ్ ఎంత? 5.76. పది యొక్క లాగరిథమ్ 1 కాబట్టి.

మూడూ వెంటనే రాకపోయినా పర్లేదు. జవాబు చూశాక "ఓహో, ఇంతేనా" అనిపించిందా, "ఇదంతా నాకెందుకు" అనిపించిందా అన్నదే గమనించండి. మొదటిదైతే వేసవి సెలవుల్లో రోజుకు అరగంట చొప్పున లాగరిథమ్‌లు, మోలారిటీ, గ్రాఫు గీయడం సాధన చేసి రండి. రెండోదైతే జువాలజీ, నర్సింగ్ లాంటివి చూసుకోవడం మంచిది, అందులో చిన్నతనమేమీ లేదు.

కాలేజీ ఎంపిక: ల్యాబులోకి వెళ్లి చూడండి

కోర్సు పేరు కన్నా కాలేజీ ల్యాబు ముఖ్యం. డిగ్రీ ప్రవేశాలన్నీ ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కాబట్టి పేరు చూసి ఆప్షన్ పెట్టేయడం తేలిక. వెబ్ ఆప్షన్లకు ముందే ఒక పూట కేటాయించి కాలేజీకి వెళ్లండి. ప్రిన్సిపాల్ గదిలో కాదు, ల్యాబులో నిలబడి ఇవి చూడండి.

పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ ఎక్కడుంది? దాని కొన పొటాషియం క్లోరైడు ద్రావణంలో మునిగి ఉంటే ఆ మీటరు వాడుకలో ఉన్నట్టు. పెట్టెలో ఎండిపోయి ఉంటే సంవత్సరాల తరబడి ఎవరూ బఫర్ చేయలేదన్నమాట. డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి ఉంటే వాడుతున్నారు కానీ చూపించేవారు సరిగ్గా లేరు.

త్రాసు ఎంత సూక్ష్మంగా తూస్తుంది? కనీసం మిల్లీగ్రాము చూపేది ఒకటి ఉండాలి. కలరీమీటర్లు ఎన్ని పనిచేస్తున్నాయి? ఇరవై మంది బ్యాచికి ఒక్కటే ఉంటే రంగు వచ్చిన ట్యూబులు వరుసలో నిలబడి, చివరివారి వంతు వచ్చేసరికి రంగు మారిపోతుంది. డిస్టిల్డ్ నీళ్లు ఎక్కడివి? తీరప్రాంత బోరునీళ్లలో క్లోరైడు, కాల్షియం ఎక్కువ. వాటితో ఫాస్ఫేట్ బఫర్ చేస్తే తెల్లగా విరుగుతుంది. ఫ్రిజ్‌కు ఇన్వర్టరు ఉందో లేదో కూడా అడగండి.

అన్నిటికన్నా నిజం చెప్పేవి సీనియర్ల రికార్డు పుస్తకాలు. ఒకే ప్రయోగానికి నలుగురి రికార్డులు పక్కపక్కన పెట్టండి. నలుగురి ఓడీ విలువలూ (కలరీమీటరు చూపే రంగు గాఢత అంకెలు) 0.12, 0.24, 0.36, 0.48 అని మచ్చ లేకుండా ఒకేలా ఉంటే అక్కడ ప్రయోగం జరగలేదు, కాపీ జరిగింది. నిజంగా చేసినవారి చుక్కలు గీతకు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. కొట్టివేతలు, మళ్లీ చేసిన ట్యూబులు కనిపిస్తాయి. అలాంటి గజిబిజి రికార్డులున్న కాలేజీని వదులుకోకండి.

పాఠం చెప్పేవారిలో బయోకెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ చేసినవారు కనీసం ఒకరైనా ఉన్నారా అని అడగండి. కొన్నిచోట్ల కెమిస్ట్రీ, జువాలజీ లెక్చరర్లు పంచుకుని చెబుతారు. అది మొదటి ఏడాది నడుస్తుంది, జీవక్రియల దగ్గర కుంటుతుంది.

ఇక ప్రయాణం. ప్రాక్టికల్ అంటే మూడు గంటలు. చాలాచోట్ల మధ్యాహ్నమే పెడతారు. ఇచ్ఛాపురం, సాలూరు లాంటి దూరప్రాంతాల నుంచి రోజూ వచ్చిపోదామనుకుంటే చివరి బస్సు కోసం సగంలో లేచిపోవాల్సి వస్తుంది. ముప్పై నిమిషాలు చీకట్లో ఉంచాల్సిన ట్యూబులను పదిహేనింటికే చదివితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. హాస్టల్ దొరకకపోతే, కాస్త పేరు తక్కువైనా దగ్గరి కాలేజీయే మేలు.

ల్యాబులో ఏం చేస్తారు, ఎక్కడ తప్పుతుంది

లాలాజల అమైలేజ్ ప్రయోగం ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. ఒక శాతం గంజి ద్రావణం, పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్, కొంచెం ఉప్పు, 37 డిగ్రీల వాటర్ బాత్. క్లోరైడు లేకపోతే ఈ ఎంజైము మందగిస్తుంది, ఉప్పు వేసేది అందుకే. అర నిమిషానికొకసారి ఒక చుక్క తీసి పింగాణీ పలక గుంటలోని అయోడిన్‌లో వేస్తే నీలం, ఊదా, ఎరుపు, చివరికి రంగు లేకుండా పోవడం కనిపిస్తుంది. లాలాజలాన్ని పలుచన చేయకుండా నేరుగా వేసేవారికి రెండో చుక్క తీసేలోపే గంజి అంతా విరిగిపోతుంది, గ్రాఫుకు చుక్కలే దొరకవు. పది, ఇరవై రెట్లు పలుచన చేసి ముందొకసారి చూసుకోవాలి. గంజినీ బఫర్‌నీ కూడా కలపకముందే 37 డిగ్రీలకు తేవాలి.

లోరీ పద్ధతిలో ప్రొటీన్ కొలిచేటప్పుడు ఇంకొక తప్పు తరచుగా జరుగుతుంది. క్షార కాపర్ ద్రావణం కలిపి పది నిమిషాలాగి, రంగునిచ్చే ఫోలిన్ కారకం వేస్తారు. క్షారంలో ఫోలిన్ ఎక్కువసేపు నిలవదు. ఒక ట్యూబులో వేసి వెంటనే కుదపాలి, ఆ తర్వాతే రెండో ట్యూబు. పది ట్యూబుల్లోనూ వరుసగా వేసేసి, తర్వాత తీరిగ్గా కుదిపితే మొదటి ట్యూబులకు రంగు తక్కువ వస్తుంది. "స్టాండర్డ్ గ్రాఫు వంకరగా వచ్చింది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. తెచ్చిన ప్రొటీన్ ద్రావణం ట్రిస్ అనే రసాయనంతో చేసిన బఫర్‌లో ఉంటే అది కూడా ఫలితాన్ని చెడగొడుతుంది.

ట్రిస్‌కు మన ఎండతో కూడా పేచీ ఉంది. వేడి పెరిగేకొద్దీ దాని పీహెచ్ డిగ్రీకి సుమారు 0.03 చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0గా సరిచేసిన ద్రావణం మే నెల గదిలో 35 దగ్గర 7.7 అవుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు పెడితే 8.6 దాకా పోతుంది. ఏ ఉష్ణోగ్రతలో వాడబోతున్నారో అక్కడే పీహెచ్ సరిచేయాలని చెప్పే అధ్యాపకులు దొరికితే మీ అదృష్టం.

మైనరు, ఇంటర్న్‌షిప్, ఆపై పరీక్షలు

2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పాత బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) తరహా మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్, మైనరు పద్ధతి వచ్చింది. నాలుగో ఏడాది ఆనర్స్ ఐచ్ఛికం. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు చేరే ఏటి ప్రకటననే నమ్మండి. బయోకెమిస్ట్రీ మేజరైతే మైనరుగా కెమిస్ట్రీ దొరికితే తీసుకోండి. కంపెనీ ఉద్యోగానికీ, పీజీ ప్రవేశ పరీక్షలకూ అది ఆసరా. రెండో ఎంపిక మైక్రోబయాలజీ.

ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ల దుకాణంలో ముగించకండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో, నెల్లిమర్లలో వైద్య కళాశాలలున్నాయి, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ఉంది. కాలేజీ లేఖతో రెండు మూడు నెలల ముందే క్లినికల్ బయోకెమిస్ట్రీ విభాగంలో అడగండి. అక్కడ రోజూ ఉదయం కంట్రోల్ ఎలా నడుపుతారో, అది తప్పితే ఏం చేస్తారో చూసి రాసుకుంటే చాలు, పీజీ ఇంటర్వ్యూలో చెప్పడానికి మీకంటూ ఒక విషయం ఉంటుంది.

పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ విభాగం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్రీయ సంస్థలకు సీయూఈటీ పీజీ రాయాలి. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా సీయూఈటీ పీజీ ద్వారానే తీసుకుంటుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం రాసే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు ఉంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం కూడా అడుగుతారు, బైపీసీ వారు ఎక్కువగా జారేది అక్కడే. రెండో ఏడాది సెలవుల్లోనే ఆ రెండూ మొదలుపెట్టాలి. మూడో ఏడాదిలో తీరిక దొరకదు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. ఆసుపత్రి వైపు ఉండాలనుకుంటే వైద్య కళాశాలల్లో మూడేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ బయోకెమిస్ట్రీ మరో దారి.

ఫీజు గురించి ఒక్క మాట. కన్వీనరు కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, స్పాట్‌లో చేరితే ఏమవుతుంది, పీజీలో సంగతేమిటి అన్న మూడు ప్రశ్నలకూ చేరకముందే కాలేజీ ఆఫీసులో కాగితం మీద సమాధానం తీసుకోండి. మాటగా చెప్పినది ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు, టీసీ కోసం వెళ్లినప్పుడు మాత్రం బకాయి లెక్క బయటికొస్తుంది.